గడిలో చీపురు పట్టిన సిస్టర్

మా ఊరు సిద్దిపేట పక్కనే. బాపు నన్ను ఆ పట్నంలో మిషన్ బడి నడుపుతూ, కాన్పులు కూడా చేసే సిస్టర్ దగ్గర చదువుకు ఉంచాడు. ఒక మధ్యాహ్నం మా ఊరి దొర మనిషి కర్ర పట్టుకుని బడి గుమ్మంలో నిలబడ్డాడు.

"పిల్లను వెట్టికి తోలుకరమ్మన్నడు దొర. గడిల వాకిలి ఊడ్వాలె. రాకుంటె దీని బాపు ఈపు పగుల్తది."

నేను ఏడుస్తుంటే సిస్టర్ నా చెయ్యి పట్టుకున్నారు. "పదండి, నేనూ వస్తాను," అన్నారు.

దొర ఉండే కోటలాంటి ఆ గడికి చేరగానే ఆమె దొర ముందే చీపురు తీసుకున్నారు. "రోజూ నేనొచ్చి ఊడుస్తాను. ఈ పిల్లను చదువుకోనివ్వండి," అని వంగి ఊడవసాగారు. దొర కళ్లెర్రజేశాడు. అతని మనిషి కర్ర ఎత్తాడు. నేను భయంతో కళ్లు మూసుకున్నాను.

"ఆగు!" అంటూ దొరసాని బయటికి వచ్చింది. అంతకుముందు ఏడు ఆమెకు కాన్పు కష్టమైతే కాపాడింది ఈ సిస్టరే. "నా పానం నిలబెట్టిన చెయ్యి గది. గా చేతికి చీపురిస్తరా?" అని దొరను నిలదీసి, చీపురు లాక్కుంది. దొర లోపలికి పోయాడు.

ఊరు దాటాక సిస్టర్ ఒక బండ మీద కూలబడ్డారు. చాలాసేపు లేవలేకపోయారు.

ఆ తర్వాత నా కోసం గడి నుంచి ఎవరూ రాలేదు. ఏడో తరగతి దాకా ఆమె దగ్గరే చదివాను.