హాల్‌టికెట్ నుంచి ఊడిన ఫోటో

మా పాపకు అప్పుడు పద్నాలుగు నెలలు. చేతికి అందినదల్లా నోట్లో పెట్టుకునేది. అందుకే ట్రంకుపెట్టెలో నా డిగ్రీ హాల్‌టికెట్ తీసి, ఫోటో ఉండాల్సిన చోట ఎండిన జిగురు మరక మాత్రమే చూసేసరికి అది పాపే మింగేసిందనుకున్నాను. పాప నోరు తెరిచి వేలితో వెతికాను. నాలుక కింద ఒక అన్నం మెతుకు దొరికింది. రెండు రోజులు దాని కడుపు తడుముతూనే ఉన్నాను.

మూడో రోజు అనుమానం ఇంకో దారి పట్టింది. పెట్టె గొళ్లెం పాపకు అందదు. పైగా ఫోటోను చింపినట్టు లేదు, తడిగుడ్డ అద్ది నిదానంగా ఊడదీసినట్టుంది. అంత ఓపిక మా ఇంట్లో ఒక్కరికే ఉంది.

అత్తమ్మ ఎప్పటిలా వాకిట్లో గోడకు ఆనుకుని, ఒళ్లో చేట పెట్టుకుని బీడీలు చేస్తోంది. మెట్‌పల్లిలో మా వాడకట్టు ఆడవాళ్లందరిదీ అదే పని. దగ్గు వస్తే చేట కదలకుండా తల మాత్రం పక్కకు తిప్పుకునేది. మూడు నెలలుగా ఆ దగ్గు తగ్గలేదు.

"అత్తమ్మా, నా ఫోటో నువ్వు తీసినవా?"

"తీసిన."

"ఎందుకు?"

"కార్ఖాన్ల మున్షికి ఇచ్చిన. బీడీలు చేసేటోళ్లకు సర్కారు దవాఖాన పెడ్తుండ్రట. కార్డుకు నీ పేరు రాయించిన."

"నా పేరా? నాకు బీడీ చుట్టుడే రాదు గదా!"

"రాకుంటేంది? పిల్ల తుమ్మితే ఫికర్, తుమ్మకున్నా ఫికర్. దవాఖాన ఎవలకు కావాలె, నాకా నీకా?"

నేను నవ్వలేకపోయాను. కానీ ఆమె అలా ఎందుకు చేసిందో తెలుసుకోవాలనిపించి కూర్చున్నాను. అడుగుతూ పోతే ఒక్కొక్కటే బయటపడింది. కార్ఖానాలో ఇంటికి ఒకటే కార్డు. ఇంట్లో ఎందరు చుట్టినా ఆకు, తంబాకు ఆ కార్డు మీదే ఇస్తారు. ఎక్కువ రోజులు నడుస్తుందని దాన్ని ఇంట్లో అందరికంటే చిన్నదాని పేరున రాయిస్తారు. అత్తమ్మ కూడా తన కూతురి పేరునే రాయించింది. ఆమె పెళ్లయి చొప్పదండికి వెళ్లి చాలా ఏళ్లయింది. అత్తమ్మ చేసిన బీడీలు ఇంకా ఆ పేరు మీదే వెళ్తున్నాయి. దవాఖాన కార్డు కూడా ఇంటికి ఒకటేననుకుని, పెద్దవాళ్లలో చిన్నదాన్నని నా పేరు రాయించింది.

పాపను చంకనేసుకుని కార్ఖానాకు వెళ్లాను. అక్కడ లెక్కలు రాసే మున్షి విని నెత్తి కొట్టుకున్నాడు.

"ఇంటికొకటి మా లెక్కమ్మా. సర్కారుది మనిషికొకటి. శనారం దాకనే రాస్తరు. దాటినంక వస్తే పేరు ఎక్కుతది గానీ, ఏడాది దాకా మందులియ్యరు. రోగమొచ్చినంక ఉరికొచ్చేటోళ్లకు గదే శిక్ష."

ఒంట్లో బాగున్నప్పుడే చేరాలని ఆ నియమం పెట్టి ఉంటారు. కానీ అత్తమ్మకు బాగున్న రోజుల్లో ఈ దవాఖానాయే లేదు. ఆ దగ్గు ఏడాది ఆగుతుందా? దారి పొడుగునా అదే ఆలోచన.

శనివారం పాపను ఎత్తుకుని, అత్తమ్మను బలవంతాన బయల్దేరదీశాను. కార్ఖానా అరుగు మీద సర్కారు గుమాస్తా దరఖాస్తులు తిరగేస్తున్నాడు. నాది దొరకగానే ఫోటోను కళ్ల దగ్గర పెట్టుకున్నాడు.

"బీడీలు చేసే ఆమెకు కాలేజీ ముద్ర ఏందమ్మా?"

"అది తప్పు సార్. నా పేరు కొట్టేసి మా అత్తమ్మ పేరు రాయండి."

"ఈమె పేరు కార్ఖాన పుస్తకంల లేదు. బీడీలు చేస్తదని రుజువేంది?"

మున్షి వైపు చూశాను. పెళ్లయి వెళ్లిన కూతురి పేరున ఇన్నేళ్లూ ఆకు ఇచ్చిన అతను పైకప్పు వాసాలు చూస్తున్నాడు. "మా ఇద్దరికీ ఆకు ఇచ్చి చూడండి" అన్నాను.

ముందు నేను చేట ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మొదటి ఆకు చిరిగింది. రెండోదానిలో వేసిన తంబాకంతా చీర మీద పడింది. ఒకామె, "కాలేజీల గిది చెప్పలేదా పిల్లా?" అనగానే అరుగంతా నవ్వులు. మూడో ఆకు తీసుకున్నాను. అంతవరకు మొహం తిప్పుకుని కూర్చున్న అత్తమ్మ ఇక ఆగలేకపోయింది.

"మంచి ఆకు ఖరాబు చేస్తున్నవ్. తే ఇటు!"

చేట తన ఒళ్లోకి లాక్కుని, నన్ను తిడుతూనే కత్తిరించింది, చుట్టింది, దారం కట్టింది. ఒక్కసారి కూడా చేతుల వైపు చూడలేదు. చూపంతా నా మీదే. ఒకటి, రెండు, మూడు... దగ్గు వచ్చింది. తల పక్కకు తిరిగింది, చేట కదలలేదు.

గుమాస్తా కలం తీశాడు. "పేరు చెప్పవ్వా. ఫోటో సోమారం తెచ్చినా నడుస్తది."

ఆమె ముందు నా వైపు, తర్వాత పాప వైపు చూసింది. చివరికి తన పేరు చెప్పింది, అది ఇంకెవరి పేరో అన్నట్టు.

ఫోటో స్టూడియోలో దగ్గు ఆపుకుంటూ పెదవులు బిగించి కూర్చుంది. కార్డు మీద చాలా కోపంగా కనిపిస్తుంది. నా ఫోటోను హాల్‌టికెట్ మీద మళ్లీ అతికించాను, కొంచెం వంకరగా.

దవాఖానాలో ఎక్స్‌రే తీసి మందులిచ్చారు. వాడిన కొన్నాళ్లకు దగ్గు నెమ్మదించింది. ఒకరోజు ఆమె కార్డును కొంగుతో తుడుస్తూ అడిగింది:

"నేను పోయినంక గిది పిల్ల పేరు మీదికి మారుస్తరా?"