అట్రాక్టా గెలిచిన సవరణ

సెనేటర్ అట్రాక్టా గాహన్ సభలో ఎంత బాగా మాట్లాడుతుందో మేయో జిల్లాలో ఎవరినడిగినా చెబుతారు. మాట్లాడినందువల్ల ఏం ఒరిగిందని మాత్రం అడక్కండి. ఆ ప్రశ్నకు అందరికంటే ముందు తల దించుకునేది ఆమే.

డబ్లిన్‌లో సెనేటుకు పోకముందు ఆమెది ఇంటింటికీ తిరిగి మంచాన పడ్డవాళ్లను లేపే పని. ఒళ్లు తుడవడం, బట్టలు మార్చడం, గంజిలాంటి ఓట్స్ ఇంత తినిపించడం. జిల్లా పడమటి కొసన ఎర్రిస్ వైపు ఇళ్లు దూరదూరం. ఒక గడపకీ ఇంకో గడపకీ మధ్య బురదనేల, గొర్రెలు, మనిషిని తోసేసే గాలి. ఆ దారంతా తన కారు, తన పెట్రోలు. దారిలో గడిచిన పొద్దుకు జీతం లేదు. మంచం పక్కన నిలబడ్డ సేపే పని కింద లెక్క. ఈ అన్యాయానికి విసిగి తోటివాళ్లు ఒక్కొక్కరే హోటళ్లకూ దుకాణాలకూ వెళ్లిపోయారు. అట్రాక్టా మాత్రం పోలేదు, సంఘం పెట్టి పోట్లాడింది. ఆ పోట్లాటే ఆమెను జిల్లా కౌన్సిలుకు తీసుకెళ్లింది, ఆ తర్వాత కౌన్సిలర్లు ఓట్లేసి సెనేటుకు పంపారు.

వెళ్లేనాటికి ఆమె చేతిలో మిగిలిన చివరి మనిషి ప్యాకీ మనెల్లీ. సముద్రంలో రొయ్య బోనులు లాగిన చేతులు. పక్షవాతం వచ్చి ఎడమవైపంతా చచ్చుబడిపోయింది. మాట మాత్రం చురకత్తే.

"నువ్వెళ్తే ఈయన్నెవరు లేపుతారే?" అంది ప్యాకీ భార్య ఆనర్.

"నేనక్కడ దారి జీతం సాధిస్తే నా బదులు నలుగురొస్తారు, చూస్తూ ఉండు."

"నలుగురెందుకు? నేనేమన్నా శవాన్నా మోసుకుపోవడానికి?" అన్నాడు ప్యాకీ మంచంలోంచి.

ఆ రోజు ముగ్గురూ నవ్వుకున్నారు.

నలుగురు కాదు కదా, ఒక్కరు కూడా రాలేదు. ఆరోగ్యశాఖ ప్యాకీకి రోజూ సాయం మంజూరు చేసింది. చేసే మనిషినే పంపలేదు. వారాంతాల్లో ఇంటికొచ్చినప్పుడు అట్రాక్టాయే వెళ్లి లేపేది. మిగతా రోజులు ఆనర్ ఒక్కతే లాక్కొచ్చింది, నడుము పట్టేసి తనే కుర్చీకి అతుక్కుపోయేదాకా. అప్పుడు ఆరోగ్యశాఖ కబురు పంపింది: కాసిల్‌బార్ పట్నం వృద్ధాశ్రమంలో మంచం ఖాళీ ఉంది, శుక్రవారం లోపల ఇంటిదగ్గర మనిషి కుదరకపోతే ప్యాకీని అక్కడికి మార్చాలి.

"మేయో ఫుట్‌బాల్ కప్పు గెలిచిన మర్నాడు పోతానని చెప్పు వాళ్లకి," అన్నాడు ప్యాకీ. మేయో ఆ కప్పు మొహం చూసి డెబ్బై ఏళ్లు దాటింది.

మంగళవారం పొద్దున అట్రాక్టా ఆ విషయం సభలో ఎత్తింది. ఆరోగ్యమంత్రి రాలేదు. అడవుల శాఖ సహాయమంత్రి వచ్చాడు. అదక్కడ మామూలే. ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ల చేతిలో జవాబు పెట్టి పంపుతారు.

"అధ్యక్షా, నాకు చట్టం వద్దు, పథకం వద్దు," అంది అట్రాక్టా. "శుక్రవారం లోపల ఒక్క మనిషి కావాలి. ఒక ముసలాయన్ని మంచం మీంచి కుర్చీలోకి మార్చడానికి. అంతే."

సహాయమంత్రి లేచి చదివాడు. మంత్రిగారు రాలేకపోయినందుకు విచారం వ్యక్తం చేయమన్నారట. ప్రభుత్వం మునుపెన్నడూ లేనంత సాయం మంజూరు చేసిందట. వ్యక్తుల సంగతులు సభలో చర్చించడం కుదరదట.

"మంజూరైందని నాకూ తెలుసయ్యా! మంజూరు వచ్చి ఆయన్ని లేపుతుందా?"

"గౌరవ సభ్యురాలు అధ్యక్షస్థానం ద్వారా మాట్లాడాలి," అన్నాడు అధ్యక్షుడు.

సహాయమంత్రి మంచివాడే. బయట వరండాలో ఆమెను ఆపి, "మా అమ్మది కూడా ఇదే బాధండీ, మా చెల్లెలు ఉద్యోగం మానేసింది," అన్నాడు మెల్లగా. లోపల ఆ మాట అనలేదు. అతని కాగితంలో అది లేదు.

ఇక మిగిలింది గురువారం. ఇంటి సంరక్షణ బిల్లు ఆ వారమే సభలో నడుస్తోంది. దారిలో గడిచే సమయానికీ జీతమివ్వాలని అట్రాక్టా పెట్టిన సవరణను ముందువారమే కొట్టేశారు. ఓటు దాకా కూడా రానివ్వలేదు. ఖజానా మీద భారం వేసే సవరణ సెనేటర్ పెట్టకూడదు, అది రూలు. పేదవాడికి పనికొచ్చేది ఏదైనా ఖజానా మీద భారమే కాబట్టి, ఆ రూలు ఎవరిని కాపాడుతోందో వేరే చెప్పక్కర్లేదు.

పక్క సీటు ఫెలిమ్ హార్కిన్ ఆ సభలోనే జుట్టు నెరిసినవాడు. "పిచ్చిదానా, డబ్బడిగితే ఎవడిస్తాడు? నివేదిక అడుగు," అన్నాడు టీ తాగుతూ. "ఆరు నెలల్లో దారి జీతం మీద మంత్రి నివేదిక సమర్పించాలి అని రాయి. భారం లేదు, అడ్డు లేదు."

"నివేదిక ప్యాకీని లేపుతుందా, ఫెలిమ్?"

"లేపదు. కానీ గెలుస్తావు. నేను ఇన్నేళ్లలో గెలిచినవన్నీ అవే."

రాసింది. ఏం చేస్తుంది? చేతులూపుకుంటూ ఊరికి పోలేక రాసింది.

గురువారం ఆరోగ్యమంత్రి స్వయంగా వచ్చింది. "సెనేటర్ గాహన్ సవరణను ప్రభుత్వం అంగీకరిస్తోంది," అంది. ప్రతిపక్షం సవరణకు ప్రభుత్వం ఒప్పుకోవడమంటే ఆ సభలో పెళ్లి జరిగినట్టు. ఫెలిమ్ వీపు తట్టాడు. అవతలి పక్షంవాళ్లు కూడా వచ్చి చేతులు కలిపారు. "చరిత్ర సృష్టించావమ్మా!" అన్నారెవరో. అట్రాక్టా అందరికీ థాంక్స్ చెప్పింది. వరండాలోకి పోయి ఆనర్‌కు ఫోన్ చేసింది.

ఆనర్ అంతా విని, "అయితే మనిషొస్తున్నట్టా, రానట్టా?" అని అడిగింది.

"రానట్టే, ఆనర్."

శుక్రవారం పొద్దున్నే అట్రాక్టా మనెల్లీల ఇంటికెళ్లింది. వేణ్ణీళ్లు పెట్టి ప్యాకీ ఒళ్లు తుడిచింది, గడ్డం గీసింది. ఎడమ బుగ్గ దగ్గర చర్మం జారిపోతుంటే వేలితో పట్టి గీసింది.

"రేడియోలో నీ పేరు చెప్పారు," అన్నాడు ప్యాకీ. "నెగ్గావటగా."

"నెగ్గాను."

"మరి ఇంకేం, కప్పు గెలిచినట్టే. పోదాం పద." ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఆనర్ కుర్చీలోంచి కదల్లేక అక్కడినుంచే అతని స్వెటర్ మడతపెడుతోంది. తల ఎత్తకుండా అంది: "నువ్విక్కడే ఉండుంటే ఈయన ఇక్కడే ఉండేవాడే."

కోపంగా అనలేదు. అట్రాక్టా ప్యాకీ మెడ మీద మిగిలిన సబ్బునురగ తుడిచింది.

వ్యాను వచ్చింది. డ్రైవరొక్కడే. తోడు రావాల్సిన మనిషి సెలవట, బదులు ఎవరూ లేరట. అట్రాక్టా తన భుజం ప్యాకీ చంక కింద పెట్టి, మోకాలితో అతని మోకాలు ఆపి, ఒక్క ఊపున లేపి చక్రాల కుర్చీలో కూర్చోబెట్టింది. ప్యాకీ మొహంలో ఎక్కడా నొప్పి కనబడలేదు.

డ్రైవరు మెచ్చుకోలుగా చూశాడు. "ఈ పని మీకు భలే వచ్చే! ఎక్కడ చేస్తున్నారండీ?"

"డబ్లిన్‌లో."

"అక్కడేం సుఖం? ఇక్కడ మనుషులే దొరకట్లేదు. మీలాంటివాళ్లు ఒక్కరొచ్చినా చాలు." తలుపు వేయబోతూ ఆగాడు. "ఆలోచించండి. ఊరికే అనట్లేదు."

వ్యాను లోపల్నించి ప్యాకీ కుడిచెయ్యి ఎత్తాడు. ఆమె కూడా ఎత్తింది. వ్యాను మలుపు తిరిగాక గాలికి గేటు దానంతటదే మూసుకుంది. లోపల్నించి ఆనర్, తనను కుర్చీలోంచి లేపమని అట్రాక్టాను పిలుస్తోంది.