మామిడి వాసన వేసే పెన్ను

చాండ్లర్‌లో మా ఇంట్లో ఉండి ఎమ్మెస్ చదువుతున్న చెల్లెలికి దగ్గు పట్టుకుంటే, అరిజోనా దుమ్మే కారణమని ఇంటిల్లిపాదీ తేల్చేశాం. మిరియాల కషాయం, వాము ఆవిరి అన్నీ అయ్యాయి. చివరికి ఊపిరాడక మెట్ల మీద కూలబడితే ఎమర్జెన్సీకి తీసుకెళ్లాం.

“వేప్ చేస్తావా, ఈ-సిగరెట్ లాంటివి?” అని డాక్టరమ్మ చెల్లెల్ని అడిగింది. జవాబు మా ఆయన ఇచ్చారు.

“నో నో డాక్టర్, మాది ప్యూర్ వెజిటేరియన్ ఫ్యామిలీ. ఇంట్లో ఎగ్ కూడా ఉండదు.”

మనకిదో జబ్బు. మంచం మీద ఎవరున్నా నోరు మాత్రం పెద్దవాళ్లదే. చెల్లెలు దుప్పటి అంచు నలుపుతూ తల దించుకుంది. నాకు అనుమానం వచ్చింది.

“ఏవండీ, మీరు కాస్త బయటికెళ్లండి.”

“రికార్డ్‌లో పడితే దాని వీసా ఏం కావాలి?” అని గొణిగారు.

అరికాలి మంట నెత్తికెక్కింది. “ముందు అది ఊపిరి పీల్చుకోవాలి! వెళ్లండి!” అని అరిచాను.

ఆయన వెళ్లాక చెల్లెలు బ్యాగులోంచి పెన్నులాంటిది తీసింది. మామిడిపండు వాసన. “నిద్ర పట్టట్లేదని కొన్నానక్కా. గ్యాస్ స్టేషన్‌లోనే అమ్ముతారు. హెంప్‌దే, లీగల్ అని రాసుంది.”

డాక్టరమ్మ దాని మీద రాసింది చదివింది. హెంప్ అంటే గంజాయి జాతి మొక్కేనట. అందులోంచి తీసిన సరుకును ఎసిటేట్ అనే రసాయనంగా మార్చి అమ్ముతున్నారట. పెన్నులోని కాయిల్ వేడికి ఆ సరుకు విరిగి, ఊపిరితిత్తుల్ని దెబ్బతీసే విషవాయువు పుట్టొచ్చట. ఇది చూపించకపోతే న్యుమోనియా మందులిచ్చి పంపేసేదాన్నే అంది.

పెన్ను మీద పచ్చటి ఆకు బొమ్మ వేశారు, దుర్మార్గులు! కాలిస్తే ఏమవుతుందో ఒక్క ముక్క రాయలేదు. బాణలిలో నూనె మాడితే కిటికీ తెరుస్తాం. ఊపిరితిత్తులకు కిటికీ ఎక్కడ తెరవాలి?

చెల్లెలు కోలుకుని ఇంటికొచ్చాక, తెలిసినవాళ్లు కూతురితో సహా చూడ్డానికొచ్చారు. మా ఆయన మళ్లీ మొదలుపెట్టారు. “డస్ట్ అలర్జీ అండీ.”

“మా దానికీ అదేనండీ, ఒకటే దగ్గు,” అంది ఆ తల్లి.

“అలర్జీ కాదు బావా. నేను వేప్ చేశాను,” అంది చెల్లెలు. లేచి వెళ్లి ఆ పిల్ల పక్కన కూర్చుంది. “నీది ఏ ఫ్లేవర్?”

“ఛ ఛ, మా పిల్లకు అలాంటివేం తెలీవమ్మా!” అంది తల్లి.

“మిమ్మల్ని కాదండీ, పిల్లని అడుగుతోంది!” అన్నాను. ఆ పిల్ల దగ్గుతూనే ఉంది.