వీపు తిప్పి నిలబడ్డ సాంబయ్య సార్

మొన్న ఉదయం మా పశువుల దవాఖానకు ఒక పెళ్ళి గుర్రాన్ని నడిపించుకొచ్చారు. బారాత్‌లో పెళ్ళికొడుకులను మోసే తెల్లటి ఆడగుర్రం. ముందటి కుడికాలు నేల మీద పూర్తిగా మోపడం లేదు. మెడలో జరీ పట్టీ ఇంకా అలాగే ఉంది, నుదుటి మీద ఎవరో పెట్టిన కుంకుమ చెమటకు కారి ఎండిపోయింది. నేను మందుల గదిలో ఉన్నాను. గుర్రం కనబడక ముందే వాసన వచ్చింది. చెమట, తోలు, నమిలిన గడ్డి కలిసిన వాసన. వరంగల్‌లో మా దగ్గరికి వచ్చేవి బర్రెలు, మేకలు, అప్పుడప్పుడు ముద్దు చేసి పాడుచేసిన కుక్కలు. గుర్రం వాసన తగిలి ఎన్నేళ్ళయిందో. చేతిలో సీసా పట్టుకుని అలాగే నిలబడిపోయాను. సాంబయ్య సార్ వెనక నుంచి వచ్చి, ఇంకా పని మొదలుపెట్టలేదా అని అడుగుతారేమో అనిపించింది.

సాంబయ్య సార్ పందెపు గుర్రాలకు శిక్షణ ఇచ్చే మనిషి. రఘునాథపల్లి దగ్గర హైదరాబాదు రోడ్డు దిగి, మట్టిబాటన కొంత లోపలికి వెళితే ఆయన గుర్రాల తబేలా ఉండేది. వయసులో ఉన్నప్పుడు నగరంలో పందేలలో స్వారీ చేశారట. ఒకసారి పడి తుంటి విరిగాక అది మానేసి సొంత ఊరికి వచ్చారు. తండ్రి వదిలిన చెలకను చదును చేసి, మెత్తటి ఇసుకతో గుండ్రటి బాట వేయించి, గుర్రాలకు కొట్టాలు కట్టించారు. గుర్రాల యజమానులంతా నగరంలో డబ్బున్నవాళ్ళు. జీను అంటే ఏమిటో ఎరగని పిల్ల గుర్రాలను తెచ్చి ఈయన దగ్గర వదిలేవారు. వాటికి జీను, కళ్ళెం అలవాటు చేసి, దౌడు నేర్పి పంపడం ఈయన పని. పశువైద్యంలో డిప్లొమా చేసి ఖాళీగా ఉన్న నన్ను మందులు, కట్లు, దాణా చూసుకోవడానికి పెట్టుకున్నారు.

మాది కాశిబుగ్గ. ఇంట్లో మగ్గాలు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మగ్గం చప్పుడులో పెరిగినవాళ్ళకు మెల్లగా మాట్లాడడం రాదు. అమ్మను మంచినీళ్ళు అడగాలన్నా వాడకంతా వినబడేలా అడిగేదాన్ని. చేరిన మొదటి రోజు అదే గొంతుతో దాణా బస్తాలు ఎక్కడ పెట్టాలని అడిగేసరికి, కొట్టాల్లో గుర్రాలన్నీ ఒక్కసారి తలలెత్తాయి. ఒకటి వెనక కాళ్ళతో తలుపును తన్నింది. సాంబయ్య సార్ కోప్పడలేదు. దగ్గరికి వచ్చి, పక్కవాళ్ళకు కూడా వినబడనంత మెల్లగా అన్నారు.

“రజితా, వాటి చెవులు చూసినవా ఎంత పెద్దగున్నయో. జర చిన్నగ మాట్లాడినా ఇంటయి బిడ్డా.”

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆయన నా గొంతు మీద పని చేస్తూనే ఉన్నారు. నేను కాస్త పెంచితే చాలు, చేత్తో రేడియో మీట తిప్పినట్టు సైగ చేసేవారు. తబేలాలో ఈల వేయకూడదు, పరిగెత్తకూడదు, తలుపు దడాలున వేయకూడదు. ఫోన్లు గేటు దగ్గరి గదిలోనే వదలాలి. ఒక యజమాని నల్లకళ్ళద్దాలు పెట్టుకుని ఫోనులో అరుస్తూ లోపలికి వస్తే, ఆయన్ను కూడా మర్యాదగా మళ్ళీ గేటు దాకా నడిపించారు. ఆ పెద్దమనిషి ముఖం చూసి మేమంతా గడ్డివాము వెనక్కి వెళ్ళి నవ్వుకున్నాం.

యజమానులు పెట్టే ఇంగ్లీషు పేర్లు ఆయనకు గిట్టేవి కావు. ప్రతి గుర్రానికీ ఒక ముద్దుపేరు పెట్టుకునేవారు. నేను చేరిన కొన్నాళ్ళకు ఒక ఎర్రటి పిల్ల గుర్రం వచ్చింది. చెయ్యి చాపితే వణికేది, తాడు చూస్తే గోడ ఎక్కేది. దానికి సకినం అని, సంక్రాంతికి చేసే కరకరలాడే పిండివంట పేరు పెట్టారు. ముట్టుకుంటే విరిగేటట్టున్నది గదా అన్నారు. దాన్ని ఎవరం దారికి తేలేకపోయాం. ఒక ఉదయం ఆయన బకెట్ ఒకటి తీసుకుని దాని ఆవరణలోకి వెళ్ళారు. నడుమన బకెట్ బోర్లించి, గుర్రానికి వీపు తిప్పి దాని మీద కూర్చున్నారు. అంతే. పిలవలేదు, బెల్లం చూపలేదు, తల కూడా తిప్పలేదు. నేను కంచె బయట నిలబడి ఓపిక లేక కాళ్ళు మార్చుకుంటున్నాను. ఎండ ఎక్కింది. సకినం ముందు దూరంగా తిరిగింది, తర్వాత దగ్గరగా తిరిగింది, చివరికి వచ్చి ఆయన భుజం మీద ముక్కు ఆనించి ఊపిరి వదిలింది. అప్పుడు కూడా ఆయన చెయ్యి ఎత్తలేదు. బయటికి వచ్చాక అడిగితే, “మనం మీదికి పోతె అది ఉరుకుతది. మనకేం తొందర లేదని దానికి తెల్వాలె,” అన్నారు. తెలియని గుర్రం దగ్గరైనా, బెదిరిన గుర్రం దగ్గరైనా ఆయన పద్ధతి అదే. వీపు తిప్పి నిలబడేవారు, అది వచ్చేదాకా.

తబేలా పక్కన ఉన్నవి పత్తి చేలు. వరసగా పంట దెబ్బతిన్నాక ఆ రైతులు భూములు అమ్ముకున్నారు. కొన్నది గ్రానైట్ కంపెనీ. రాళ్ళు కోసే ఫ్యాక్టరీ, దాన్ని ఆనుకుని కంకర మిషన్ వస్తాయని చెప్పుకున్నారు. ఊళ్ళో చాలామందికి అది సంతోషమే. చదువుకుని ఊరికే ఉన్న పిల్లలకు నౌకరీ దొరుకుతుందని ఆశ. జేసీబీ వచ్చి మా కంచె పక్కనే బండను పగలగొట్టడం మొదలుపెట్టిన రోజు, ఇసుక బాట మీద దౌడు తీస్తున్న సకినం ఆ చప్పుడుకు పక్కకు దూకి కంచెలో పడింది. ఛాతీ మీద లోతుగా కోసుకుపోయింది. నేను కుట్లు పడేదాకా దాని మెడ పట్టుకుని ఉన్నాను. సాంబయ్య సార్ దాని ముక్కు దగ్గర నిలబడి ఏదో మాట్లాడుతూనే ఉన్నారు. చప్పుడుకు ఎలాగోలా అలవాటు చేయవచ్చు, దుమ్ముకు అలవాటు చేయలేమని ఆ సాయంత్రం చెప్పారు. ఊపిరి చెడిన గుర్రాన్ని ఏ యజమానీ ఉంచుకోడు. ఫ్యాక్టరీ వస్తే తబేలా మూతపడుతుంది. అది మా అందరికీ తెలిసిపోయింది.

ఆయన ఎదురు నిలబడాలని నిర్ణయించుకున్నారు. మా దగ్గర పెద్ద సైసు ఎల్లయ్య. గుర్రాలను తోమడం, మేపడం, తిప్పడం అతని పని, తబేలా మొదలైనప్పటి నుంచీ ఉన్నాడు. అతని కొడుకు ఐటీఐ చేసి ఇంట్లో కూర్చున్నాడు. ఎల్లయ్య రెండు మూడు రోజులు సార్ కంట పడకుండా తిరిగి, చివరికి నా ముందే చెప్పేశాడు.

“సార్, ఫ్యాక్టరీ అస్తె మా పోరనికి నౌకరి ఇస్తమంటాండ్లు. నేను మీ దిక్కు మాట్లాడలేను.”

సాంబయ్య సార్ తోముతున్న బ్రష్ ఆపలేదు. “నౌకరి అడుగు ఎల్లయ్యా. గట్టిగ అడుగు. నేను మాత్రం వద్దనే అంట. దానికి నువ్వు ఫికర్ పడకు,” అన్నారు. మరునాడు ఎల్లయ్య ఎప్పటిలాగే పనికి వచ్చాడు, ఇద్దరూ కలిసే చాయ్ తాగారు. నాకది మింగుడు పడలేదు. ఎల్లయ్య మీద నాకు ఒళ్ళు మండిపోయేది. సార్‌కు మాత్రం మండలేదు.

ఆయన పెట్టుకున్న వకీలు హనుమకొండ నుంచి వచ్చి ఒక సలహా ఇచ్చాడు. ఫ్యాక్టరీకి అనుమతి ఇచ్చే ముందు ఊళ్ళో పెట్టే ప్రజాభిప్రాయ సేకరణలో పందెపు గుర్రాల గురించి మాట్లాడితే జనం నవ్వుతారు, ఊరి బావుల గురించి, పిల్లల ఆరోగ్యం గురించి మాట్లాడండి అన్నాడు. సార్ కుదరదన్నారు. బావుల సంగతి బావులున్నవాళ్ళు చెప్పుకుంటారు, ఇన్నేళ్ళూ వాటి గురించి అడగని నేను ఇవాళ నా అవసరానికి వాళ్ళ పేరు వాడుకుంటే మర్యాద కాదన్నారు. వకీలు నా వైపు చూసి పెదవి విరిచాడు. నిజం చెప్పాలంటే నేనూ లోపల వకీలు పక్షమే.

ప్రజాభిప్రాయ సేకరణ ఊరి బడి ఆవరణలో షామియానా వేసి పెట్టారు. ముందు వరసలో అధికారులు, కంపెనీ వాళ్ళు. వెనక ఊరంతా. సాంబయ్య సార్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, కాలు ఈడ్చుకుంటూ మైకు దగ్గరికి వెళ్ళారు. ఆయన నోరు తెరవక ముందే గోల మొదలైంది. పెద్దోళ్ళ గుర్రాల కోసం మా పిల్లల పొట్ట కొడతావా అని ఒకరు, గుర్రాలకు ఓట్లున్నాయా అని ఒకరు. ఈలలు, చప్పట్లు. సార్ కొంచెంసేపు చూసి, మెల్లగా అటు తిరిగి, జనానికి వీపు పెట్టి నిలబడ్డారు.

ఆయన ఏం చేస్తున్నారో నాకు వెంటనే తెలిసింది. బెదిరిన గుర్రం ముందు నిలబడినట్టే నిలబడ్డారు. వాళ్ళు తమంతట తాము శాంతించేదాకా ఆగుతున్నారు. కానీ అక్కడున్న వాళ్ళకు అది పొగరులా కనబడింది. మనకు వీపు చూపుతాడా అని గోల రెట్టింపయింది. అధికారి గడియారం చూసుకుని, ఈయనకు చెప్పేదేమీ లేనట్టుంది, తర్వాత ఎవరని అడిగాడు. ఇన్నేళ్ళ పని, ఇన్ని గుర్రాలు, అన్నీ ఆ ఒక్క మాటతో పోతున్నాయి. సార్ ఇంకా కదలడం లేదు.

నేను లేచి అరిచాను. ఆయన ఏళ్ళ తరబడి తగ్గించిన గొంతు మొత్తం ఒక్కసారిగా బయటికి వచ్చింది. నాలుగు మగ్గాల చప్పుడు దాటి వీధి చివరికి వినబడే కాశిబుగ్గ గొంతు.

“సార్ మీరు ఊకునేదాక ఆగుతాండు. జర ఊకుంటె చెప్తడు.”

షామియానా కింద తలలన్నీ నా వైపు తిరిగాయి. సార్ ఇటు తిరిగి, నా వైపు చూసి, అలవాటుగా చేత్తో మీట తిప్పినట్టు సైగ చేశారు. కొందరు నవ్వారు. ఆ నవ్వులోనే ఆయన మాట్లాడారు. చిన్నగానే. వెనక వాళ్ళు ముందుకు జరిగి వినాల్సి వచ్చింది. తన గుర్రాలు ఊపిరి మీద బతుకుతాయని, రాతి దుమ్ము ఆ ఊపిరిని తింటుందని, ఫ్యాక్టరీ కావాలనే హక్కు ఊరికి ఉన్నట్టే వద్దనే హక్కు తనకూ ఉందని చెప్పారు. తన గుర్రాలు డబ్బున్నవాళ్ళవేనని కూడా ఆయనే ఒప్పుకున్నారు. చెప్పడం అయిపోయాక దండం పెట్టి వచ్చి కూర్చున్నారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

అప్పుడు వెనక నుంచి ఎల్లయ్య లేచాడు. కంపెనీ వాళ్ళు సంతోషంగా మైకు ఇప్పించారు, అతను తమ మనిషే అని వాళ్ళకు తెలుసు. ఎల్లయ్య మైకును రెండు చేతులతో పట్టుకున్నాడు.

“మా పోరనికి నౌకరి గావాలె సారూ. అబద్ధమెందుకు. కని ఆ దుమ్ము గుర్రానికే పడకపోతె, మా పోరనికెట్ల పడ్తది? అది చెప్పుండ్లి.”

కంపెనీ వాళ్ళు కాగితాలు తిరగేశారు. ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు లేచారు. పొలాలున్నవాళ్ళు పొలాల గురించి, బావులున్నవాళ్ళు బావుల గురించి అడిగారు. ఎవరూ ఫ్యాక్టరీ వద్దనలేదు, ఎట్లా వస్తుందో చెప్పమన్నారు. సాంబయ్య సార్ చేతులు ఒళ్ళో పెట్టుకుని వింటూ కూర్చున్నారు.

ఫ్యాక్టరీ వచ్చింది. కంకర మిషన్ రాలేదు. రాళ్ళు కోసే చోట నీళ్ళు చల్లాలని, షెడ్లు మూసి ఉంచాలని షరతులు పెట్టారు. మనుషులకు అది చాలా మేలు. గుర్రాలకు చాలలేదు. లారీల బాట తబేలా గేటు ముందు నుంచే పడింది. యజమానులు ఒక్కొక్కరే గుర్రాలను తీసుకెళ్ళిపోయారు. సకినం అన్నిటికంటే చివర వెళ్ళింది. వ్యాన్ ఎక్కనని మొండికేసింది. ఆయన వ్యాన్ లోపలికి వెళ్ళి, దానికి వీపు తిప్పి నిలబడ్డారు. అది ఎక్కింది. ఎక్కి ఆయన భుజం మీద ముక్కు పెట్టింది. తలుపు వేసే ముందు ఆయన కిందికి దిగుతుంటే నేను ఏడ్చేశాను, గొంతు దాచుకోకుండానే ఏడ్చాను. ఆయన సైగ చేయలేదు. నా తల మీద చెయ్యి పెట్టి ఒక్క మాట అన్నారు.

“నీ గొంతు నేను ఊకె తగ్గిచ్చిన బిడ్డా. మనుషుల కాడ అది గావాలె.”

తర్వాత ఆయన హనుమకొండలో చెల్లెలి ఇంట్లో ఉన్నారు. అప్పుడప్పుడు వెళ్ళి చూసేదాన్ని. ఫ్యాక్టరీలో చేరిన ఎల్లయ్య కొడుకు మూతికి గుడ్డ కట్టుకుని పనికి వెళుతున్నాడా లేదా అని ప్రతిసారీ అడిగేవారు. కిందటి వానాకాలంలో పోయారు. ఎల్లయ్య, అతని కొడుకు పాడె మోశారు.

మొన్న ఆ పెళ్ళి గుర్రం చుట్టూ ఒకటే జనం. గుర్రం మనిషి తాడు గుంజుతున్నాడు, బ్యాండు వాళ్ళు సలహాలిస్తున్నారు, సాయంత్రం ఇంకో బారాత్ ఉందని ఎవరో తొందరపెడుతున్నారు. కాలు ముట్టుకోనివ్వకుండా అది కళ్ళు తెల్లగా తిప్పుతోంది. నేను గడపలో నిలబడి కాశిబుగ్గ గొంతుతో ఒక్క కేక వేశాను. తాడు వదిలి అందరూ బయటికి పోండ్లి, దీని కాలు మానేదాక ఏ బారాతూ లేదు అన్నాను. మా డాక్టరు గారు కూడా ఉలిక్కిపడ్డారు. అందరూ వెళ్ళాక బకెట్ ఒకటి బోర్లించి, గుర్రానికి వీపు తిప్పి కూర్చున్నాను. బయట జనం గుసగుసలు. మెడలో జరీ పట్టీకున్న మువ్వలు ముందు దూరంగా వినిపించాయి. తర్వాత దగ్గరగా. నేను తల తిప్పలేదు. కాసేపటికి నా భుజం మీద వెచ్చటి ఊపిరి తగిలింది.