నీటుగా ఉన్న తల

మనుషులకు మొహాల ఫొటోలు చూపించి, అప్పుడు మెదడులో పుట్టే కరెంటును కొలవడం నా చదువు. చదువేమో విశాఖలో. పరీక్షకు కూర్చునే మనుషులు అక్కడ దొరక్క, రెండు వేల సంవత్సరం దాటిన ఆ రోజుల్లో, మిషన్ మోసుకుని టెక్కలి వచ్చి తెలిసినవాళ్ళింట్లో ఓ గది తీసుకున్నాను. తలకు తీగల టోపీ పెట్టి, నవ్వే మొహం, ఏడ్చే మొహం, కోపం మొహం వరసగా చూపిస్తే కంప్యూటర్లో గీతలు వస్తాయి. అంతే. మావాళ్ళు దానికి 'మనసు ఎక్స్‌రే' అని పేరు పెట్టేశారు.

మా అక్క ఆ పేరు నమ్మింది. అక్క అత్తవారిది మూలపేట వైపు. అంతకు ముందేడు సముద్రంలో చేపల వేటకెళ్ళినప్పుడు తెప్ప బోల్తాపడి బావ తమ్ముడు పోయాడు. ఒడ్డుకు చేరింది బావ ఒక్కడే. అప్పట్నుంచి బావ ఏడవలేదు, నవ్వలేదు. పెట్టింది తింటాడు, వేటకెళ్తాడు. కూతురు ఒళ్ళోకెక్కితే దించడు, దగ్గరికి తీసుకోడు.

"రాయితో కాపరం సెయ్యలేనే. లోపల ఏటైనా ఉందో నేదో నీ మిషన్లో సూసి సెప్పు. నేదంటే పిల్లని పట్టుకుని వచ్చేత్తాను," అంది అక్క.

ఒక్క మనిషి గీతలు చూసి అలా చెప్పలేమనీ, చాలామందివి కలిపి సగటు చూస్తామనీ చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. సరే తీసుకురా, తల మాత్రం నీటుగా ఉండాలి అన్నాను.

నీటుగానే తెచ్చింది. కొబ్బరితోటల మధ్య పుట్టి కూడా, మావాళ్ళ నీటు ఎలా ఉంటుందో నాకు తట్టలేదు. పక్కపాపిడి తీసి నున్నగా దువ్విన తల, చెవుల మీదికి కారుతున్న కొబ్బరినూనె. తీగలు ఎక్కడ అంటిస్తే అక్కడ జారిపోతున్నాయి. నాకు ఒళ్ళు మండింది.

"నూనె ఎందుకు రాసావక్కా?"

"ఎండు తలతో మంచి పనికి వత్తారేటే?"

ఇద్దరికీ నవ్వాగలేదు. బావ నవ్వలేదు.

పెరట్లో నూతి దగ్గర కూర్చోబెట్టి అక్క కుంకుడు రసంతో ఆ తల రుద్దడం మొదలెట్టింది. నేను నీళ్ళు తోడి పోస్తున్నాను.

"కళ్ళు మండతన్నాయి," అన్నాడు బావ.

అక్క అతని మొహం మీద నీళ్ళు కొట్టింది. మళ్ళీ అదే మాట. ఈసారి భుజాలు కదిలిపోతున్నాయి.

"నీళ్ళల్లో ఆడి జుత్తు అందింది నాకు. నూని తల. సేతిలోంచి జారిపోనాది," అన్నాడు. "ఆ పొద్దున అమ్మే రాసింది. అమ్మకెలా సెప్పీది?" అని పెద్దగా ఏడ్చాడు.

నాకూ ఏడుపొచ్చింది. చేద కింద పెట్టేసి నిలబడ్డాను. ఇక మిషన్ సంగతి ఎవరూ ఎత్తలేదు. అక్క నురగ చేతులతోనే బావ తలని కడుపుకి అదుముకుంది.

"అత్తకి సెప్పొద్దు," అంది. "నాకు సెప్పావు, సాలు. ఇంటికెల్దాం రా, పిల్ల ఎదురు సూత్తాది."