మూడో హొరిసెన్

మా టోఫు కొట్టు పక్కిల్లే ఫుసాయక్కది. చెర్రీ చెక్క పలకల మీద బొమ్మలు చెక్కి, కాగితం మీద అచ్చు తీసే వంశం. ఇంటి పెద్ద ఎవరైతే వాళ్లకి హొరిసెన్ అని పేరు. తాత మొదటివాడు, నాన్న రెండోవాడు. నాన్నకి చూపు పోయాక బొమ్మలన్నీ చెక్కింది అక్కే. అన్న తొకుజిరో చేసిందల్లా కొనేవాళ్ల ముందు పళ్లికిలించడం. ఈ సంగతి కియోటో అంతా ఎరుగును, నోరు మెదిపినవాడు లేడు.

నాన్న పోయాక పేరు తనకే వస్తుందనుకుంది అక్క. తొకుజిరో ఏం చేశాడనుకున్నారు? ఒసాకా నుంచి రోకుసుకె అనేవాణ్ణి తెచ్చి దత్తత చేసుకున్నాడు. వాడికి అచ్చు తీయడమే వచ్చు, ఉలి పట్టడం రాదు. పేరు వాడికేనట.

"మరి నేనో, అన్నయ్యా?"

"నువ్వెళ్లి ముల్లంగి ఊరవేసుకో. ఆడదానికి పేరెందుకే?"

గోడ ఇవతల నాకు ఒళ్లు మండిపోయింది.

పేరిచ్చే రోజు పొద్దున అందరూ తాత సమాధికి వెళ్లారు. అక్క పలకలన్నీ ముందేసుకుంది. రంగుకో పలక. ప్రతి పలక మూలా కాగితం ఆనించే గాట్లుంటాయి, అవి ఉంటేనే రంగు చోటికొస్తుంది. బొమ్మల జోలికి పోలేదు. గాట్లు మాత్రం ఉలితో లేపేసి, మా ఇంటికొచ్చి తీరిగ్గా టీ తాగింది.

మధ్యాహ్నం అతిథుల ముందు అచ్చు తీసి చూపించబోయి రోకుసుకె పలక మూలలు తడుముకుంటూ కూర్చున్నాడు. చివరికి కంటి అంచనాతో కాగితం వేశాడు. బొమ్మలో ఆవిడ పెదాల ఎరుపు చెవి మీద పడింది. ఒకాయన నవ్వాడు, తర్వాత అందరూ నవ్వారు.

గాట్లు మళ్లీ చెక్కాలంటే వాటిని చెక్కిన అక్క చేతికే సాధ్యం. అక్క మా ఇంట్లోనే ఉండిపోయింది, తొకుజిరో మా కొట్టుకే వచ్చాడు.

"తప్పయిపోయిందే. నాన్న పరువు కాపాడు."

"నన్నేమని పిలవాలో అలా పిలువు."

కొట్టు ముందు జనాన్ని చూసి వెనుదిరిగాడు. శీతాకాలమంతా తిరిగాడు. కొనేవాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. ఒకరోజు టోఫు కోసం గిన్నెలు పట్టుకుని నిలబడ్డ వీధి వీధంతా చూస్తుండగా తడి రాళ్ల మీద మోకరిల్లాడు.

"మూడో హొరిసెన్ గారూ..."

"విన్నాను. ఇక వెళ్లు."

"మరి గాట్లు?"

"అవి చెక్కాలో వద్దో హొరిసెన్ చెప్పాలి. వద్దంటోంది."

కొందరు అయ్యో అన్నారు. నేననలేదు. తలుపు నేనే వేశాను.