ఆపొద్దన్న పెట్టె

"పెట్టె ఆపొద్దు మే. లోపల పని జరగతా ఉండాది. నేనొచ్చి సూస్తా."

"ఊఁ. పొయ్యి రా మామా."

మొగుడూ పెళ్ళాం మేమిద్దరం చివరగా మాట్లాడుకున్నది ఇంతే. ఆయన గడప దగ్గర చెప్పులు తొడుక్కుంటూ అన్నాడు. నేను కుట్టుమిషన్ మీద రవిక చేతులు అతుకుతూ, తలెత్తకుండానే అన్నాను. చిత్తూరు బస్టాండులో దిగి, టీ అంగడి ముందు బల్ల మీద కూర్చుని, గ్లాసు చేతిలో ఉండగానే పక్కకు ఒరిగిపోయాడట. గుండె. అక్కడ ఆయన కోసం వచ్చి ఎదురుచూస్తున్న స్నేహితుడే నాకు ఫోన్ చేశాడు. ఆ మనిషిని మేము చిత్తూరాయన అంటాం.

పెట్టె అంటే కంప్యూటర్. మా ఇంట్లో దానికి ఇంకో పేరు లేదు.

ఏడుపు కంటే ముందు నాకు భయం వచ్చింది. ఈ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఆయన్ను ఇంటికి తెచ్చేసరికి పెట్టె మూలన గుర్రుమంటూనే ఉంది. తెర మీద తెల్లటి గీత ఒకటి నత్తలాగా జరుగుతోంది. వచ్చి చూస్తానన్న మనిషి ఇట్లా వచ్చాడు. ఇక దాన్ని ఎవరు చూడాలి? పాడె కడుతుంటే కూడా నా కళ్ళు ఆ గీత మీదికే పోతున్నాయి.

నాకు చదువు లేదు. సంతకం వస్తుంది. టేపు మీద అంకెలు వస్తాయి. బస్సు ముందర తిరుపతి అని రాసి ఉంటే ఆ ఆకారం గుర్తుపడతాను. అంతే. ఇది రాస్తున్నది మా తమ్ముడి కూతురు. నేను చెప్పింది చెప్పినట్టు రాయమంటే బడి తెలుగులోకి సర్దుతోంది. సర్దుకోనీ.

ఆయన నగరిలో మరమగ్గాలు బాగుచేసే మనిషి. తర్వాత తిరుపతికి వచ్చి కంప్యూటర్లు బాగుచేసే అంగడి పెట్టుకున్నాడు. నేను రవికలు కుడతాను. కొలత ఎంత, మెడ ఎట్లా ఉండాలి, ఎప్పటికి కావాలి, అన్నీ ఆడవాళ్ళు ఇప్పుడు ఫోనులో రాసి పంపుతారు. అవి పెట్టెలోకి వచ్చేటట్టు చేసి, ఒక మీట మీద ఎర్ర గుడ్డముక్క అంటించి పెట్టాడు. అది నొక్కితే పెట్టె చదివి వినిపిస్తుంది. ఆడగొంతూ కాదు, మగగొంతూ కాదు. జలుబు చేసినవాడు దండోరా వేసినట్టుంటుంది. ఫోనులో కూడా అలాంటి గొంతు ఉంటుందని చాలామంది చెప్పారు. ఆ అద్దం మీద ఎక్కడ తాకాలో నా వేలికి దొరకదు. నాకు దొరికింది ఆ ఎర్ర గుడ్డే.

ఆ పెట్టెను నడిపించే సిస్టం కొనేది కాదట. ఎక్కడెక్కడివాళ్ళో కలిసి తయారు చేసుకుంటారు, కలిసి వాడుకుంటారు. వాడేవాళ్ళ సంఘం మా ఊళ్ళో కూడా ఒకటి ఉంది. నెలకో ఆదివారం మా మిద్దె మీది గదిలో కూర్చునేవాళ్ళు. కాలేజీలో చెప్పే లెక్చరర్ సారు పెద్ద. వీళ్ళందరికీ పైన ఒక కమిటీ. అందులోవాళ్ళు తలా ఒక దేశంలో ఉంటారు. కొత్త సిస్టంలో ఏది ఉండాలి, ఏది తీసెయ్యాలి అని ఊరి సంఘాలను అడిగి వాళ్ళు ఖాయం చేస్తారు.

వాళ్ళ పద్ధతి ఒకటుంది. చేతులెత్తరు. పెదాలు మూసుకుని గొంతులో మ్ మ్ అంటారు. మొదటిసారి నాకు కింద వంటింట్లోకి వినబడి గుండె ఆగినంత పనైంది. తేనెపట్టు కదిలిందేమోనని చీపురు తీసుకుని మెట్ల దాకా పోయాను. వాళ్ళు వెళ్ళిపోయాక ఆయన్ను అడిగాను.

"ఏంది మామా, మిద్దె మీద మగ్గాలు పెట్టినారా?"

"తీర్మానం మే. సెయ్యెత్తితే ఎవురు ఎటు పక్కో తెలిసిపోతాది. మొగమాటం. ఇట్లయితే ఎవురిదో తెల్దు, ఏ పక్క గట్టిగా ఉండాదో తెలుస్తాది."

"అయితే గొంతు పెద్దోడిదే గెలుపు."

"నిన్ను కూసోబెడితే ఇంక ఎవురికీ గెలుపు లేదులే."

నా గొంతు మొదటి నుంచీ బొంగురు. గుసగుసలాడినా పక్కింటికి వినిపిస్తుందని మా అత్త తిట్టేది.

ఆయన పోయాక పెట్టె ఆపనివ్వలేదు. ఆపమని చుట్టాలందరూ చెప్పారు. మా ఆడబిడ్డ అయితే మూడోమాటు నేరుగా ప్లగ్గు దగ్గరికే పోయింది.

"మా తమ్ముడికి లేని ఊపిరి దీనికెందుకు?"

"ఆపొద్దన్నాడు వదినా."

"అన్నోడు ఇంక వచ్చి సూస్తాడా?"

"రాడు. తీ నీ సెయ్యి."

గీత ఎప్పుడు చివరికి చేరిందో నాకు తెలియదు. ఒకరోజు చూస్తే తెర మామూలుగా ఉంది. అయినా ఆపలేదు. ముట్టుకోలేదు కూడా. ఎర్ర గుడ్డ నొక్కితే పలకదేమోనని భయం. పలికితే అది కూడా భయమే. చివరికి పెళ్ళి రవికలు ఇచ్చిపోయిన ఒకామె గుమ్మంలో నిలబడి, "అన్నీ రాసి పంపిచ్చినా గదక్కా, సూసుకోలేదా?" అనేసరికి, ఆమె వెనక్కి తిరగ్గానే కళ్ళు మూసుకుని నొక్కాను. పలికింది. అదే జలుబు గొంతు. కొలతలన్నీ విన్నాను. మిషన్ మీద దుమ్ము దులిపాను.

అన్నం దొరికింది కదా అనుకున్నాక లెక్చరర్ సారు, చిత్తూరాయన కలిసి వచ్చారు. కుర్చీ అంచున కూర్చున్నారు. అలా కూర్చుంటేనే తెలుస్తుంది, మంచి మాట కాదని.

"అమ్మా, ఆ తెలుగు చదివి వినిపించే భాగాన్ని చూసుకుంటా ఉండింది మీ ఆయనొక్కడే" అన్నాడు సారు. "చూసుకునే మనిషి లేని భాగాన్ని కమిటీ ఉంచదు. కొత్త సిస్టంలో తీసేస్తామంటా ఉన్నారు."

"తీసేస్తే?"

"నొక్కితే పలకదు."

"నేను పాతదే ఉంచుకుంటా సార్."

"పాతది ఎన్నాళ్ళుంటాదిమా" అన్నాడు చిత్తూరాయన. "రేపో మాపో దాంట్లోకి మెసేజీలు రావు. అప్పుడు ఆ గొంతు ఉండీ ఏం సదవతాది, గోడనా?"

వాడే మనిషి ఉన్నారని సంఘంలో చెప్పాలన్నారు. ఎవరు చెప్పాలి అంటే ఇద్దరూ నా వైపే చూశారు.

నాకు చదువు రాదని రవికలు ఇచ్చిపోయేవాళ్ళెవరికీ తెలియదు. ఆయన ఉన్నంతకాలం ఆ గుట్టు పెట్టె కాపాడింది. అందరిలో నిలబడి చెబితే, రాసింది చదవలేని దాని చేతికి పట్టుగుడ్డ ఎవరిస్తారు? చెప్పకపోతే గొంతే పోతుంది. రెండు వైపులా గొయ్యే. సంఘం కూర్చునే ఆదివారం వచ్చేదాకా ఇదే లెక్క వేసుకుంటూ ఉన్నాను.

మా సొంత మిద్దె మెట్లే, గోడ పట్టుకుని ఎక్కాను. స్టూలు మీద లాప్‌టాప్ పెట్టారు. తెర మీద చిన్న చిన్న గళ్ళలో కమిటీవాళ్ళు, తలా ఒక రంగు. నేను మాట్లాడాలి కాబట్టి నల్లటి మైకు తెచ్చి నా నోటి ముందరే నిలబెట్టారు. గోడ పక్కన సంఘం మనిషి ఒకాయన, ఆయన భార్య. ఆమె రవికలు కుట్టేది నేనే. ఆమెను చూడగానే చెప్పాలనుకున్నది చెమటలో కొట్టుకుపోయింది.

సారు లేచి వాక్యం వాక్యం ఆపి ఆపి చెబుతున్నాడు. ఒకటి ఇంగ్లీషులో, ఒకటి తెలుగులో. ఎదుటి మనిషి చెబుతుంటే ఊఁ కొట్టకుండా ఉండడం మాకు రాదు. కథ చెప్పినా, కష్టం చెప్పినా ఊఁ అనాలి. అనకపోతే చెప్పేవాళ్ళకు చిన్నతనం. భయంలో ఇంకా ఎక్కువ వస్తుంది. ఆయన పోయిన దగ్గరనుంచి ఎవరెవరో వచ్చి ఏవేవో చెబుతుంటే ఊఁ కొడుతూనే ఉన్నాను.

"ఈ భాగం తీసెయ్యడమే మేలు అనుకునేవాళ్ళు..." అని సారు ఆగాడు.

"ఊఁ" అన్నాను.

గదిలో ఇంకెవరూ కిక్కురుమనలేదు. నా బొంగురు గొంతు ఒక్కటే, మైకులోంచి, ఆ దేశాలన్నిటికీ పోయింది.

"అయ్యో మా!" చిత్తూరాయన తల పట్టుకున్నాడు. "ఇంతమందిలో తీసెయ్యమన్నది నువ్వొక్కదానివే గదమా!"

ఒకరిద్దరు నవ్వారు. ఉంచాలనేవాళ్ళను అడిగితే గదంతా మ్ మ్ అన్నది. కానీ వాళ్ళు మైకుకు దూరం. లాప్‌టాప్‌లో ఒక తెల్లాయన ఏదో అన్నాడు. సారు మొహం వాడిపోయింది. తిరుపతివాళ్ళు గట్టిగా తీసెయ్యమంటున్నారని రాసుకున్నాడట.

ఆయన నిలబెట్టింది నా నోటితోనే కూలిపోయింది. ఆ మాట తోచేసరికి, ఎట్లా లేచానో, లేచాను.

"సారూ, నేను వింటా ఉండానని ఊఁ అన్నాను. తీసెయ్యమని కాదు. మా పక్క వినేవాళ్ళు ఊఁ అంటారని వాళ్ళకు సెప్పండి."

సారు చెప్పాడు. గళ్ళలో తలలు ఒకదానివైపు ఒకటి చూసుకున్నాయి. ఒక ఆడమనిషి నెమ్మదిగా ఏదో అడిగింది. ఈమె ఎవరు, దీన్ని దేనికి వాడుతుంది అని.

గోడ పక్కన నా రవికలామె మెడ చాచి చూస్తోంది.

"నాకు సదవను రాదు" అన్నాను. "వచ్చే రాతలన్నీ అది సదువుతాది. నేను విని కుడతా. అది లేకపోతే నాకు పని లేదు."

చూపించమన్నారు. పెట్టె కింద ఉంది. చిత్తూరాయన లాప్‌టాప్‌ను పసిబిడ్డలాగా రెండు చేతుల్లో ఎత్తుకుని మెట్లు దిగాడు. వెనకాల అందరూ. నేను ఎర్ర గుడ్డ నొక్కాను.

"అక్కా, పోయిన రవిక చంకల్లో పట్టేసింది" అంది పెట్టె ముక్కుతో. "ఈసారి వదులు పెట్టు. లావైనానని మా ఆయనతో అనొద్దు."

ఆ ఆయన అక్కడే ఉన్నాడు. ఇల్లంతా గొల్లుమంది. గళ్ళలోవాళ్ళకు సారు ఇంగ్లీషులో చెబితే వాళ్ళూ నవ్వారు. ఆమె కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని నా జబ్బ మీద ఒకటి వేసింది.

"ఇన్నాళ్ళూ నా రాతలు సదివింది ఈ ముక్కుగొంతుదా! దీంతో నా పరువంతా తీపిస్తివే!"

"వదులు పెట్టినాలేక్కా" అన్నాను. మళ్ళీ రవిక ఇస్తావా అని అడగడానికి నోరు రాలేదు.

మళ్ళీ మ్ మ్ అన్నారు. ఈసారి మైకును నా నుంచి దూరంగా పెట్టారు. నేను పెదాలు చేత్తో మూసుకుని, ఉంచాలి అన్నప్పుడు మాత్రమే చెయ్యి తీశాను. కమిటీ చెప్పింది ఇది: చూసుకునే మనిషి ఒకరు ముందుకు రావాలి, కొత్త సిస్టంలో ఆ గొంతు పలకాలి. పలికితే ఉంచుతాం. పలకకపోతే లేదు.

"నేను సూసుకుంటా" అన్నాడు చిత్తూరాయన. అందరూ చూశారు. "నాకు రాదు. ఆయన సేస్తా ఉంటే పక్కన కూసోని టీ తాగినోడ్ని. నేర్సుకుంటా."

ఈరోజు పొద్దున వచ్చి కొత్త సిస్టం ఎక్కిస్తున్నాడు. మళ్ళీ అదే తెల్ల గీత. సగం దాకా వచ్చింది. ఏదో కావాల్సింది బస్టాండు దగ్గర అంగడిలో దొరుకుతుందని లేచాడు. గడప దగ్గర చెప్పులు తొడుక్కుంటూ అన్నాడు:

"పెట్టె ఆపొద్దుమా. లోపల పని జరగతా ఉండాది. నేనొచ్చి సూస్తా."

ఊఁ అని నోటిదాకా వచ్చింది. పళ్ళు బిగబట్టాను.

"బస్సెక్కొద్దప్పా. టీ తాగొద్దు. నడిసి పొయ్యి నడిసి రా. టీ నేనే పెడతా."

"ఇంత ఎండలోనా మా?" అన్నాడు. నా మొహం చూసి ఇంకేమీ అనకుండా నడిచే పోయాడు.

అప్పుడే నిన్ను పిలిచాను పాపా. ఊరికే కూర్చుంటే నేను ఆ గీతను చూస్తాను, గీతను చూస్తే వీధిని చూస్తాను. అందుకే ఇదంతా చెప్పాను. గీత ఇంకా చివరికి రాలేదు. అతనూ రాలేదు. ఎర్ర గుడ్డ నొక్కడానికి లేదు. ఇప్పుడు ఈ ఇంట్లో చదివే గొంతు నీదొక్కటే.

సాల్లే పాపా, రాసింది సాలు. మొదుట్నించి సదువు. గట్టిగా సదువు, నేను ఊఁ కొడతా ఉంటా.